స్థానాపతి నుండి రాయబార కార్యాలయ ఉద్యోగి దాకా: విదేశీ కొలువు – తెలుగు వలస

వ్యాససంగ్రహం:
విదేశాల్లోని భారత రాయబార కార్యాలయాలలో పనిచేసే పౌర ఉద్యోగుల చరిత్ర ఎక్కువగా దౌత్యనీతి చరిత్రలో భాగంగానే చెప్పబడింది. ఆ కార్యాలయాలను ఆశ్రయించే వలస కార్మికుల వైపు నుండి ఆ చరిత్రను పరిశీలించిన రచనలు తెలుగులో తక్కువ. నిజామాబాదు జిల్లాలోని ఇందల్వాయి, ఆర్మూరు ప్రాంతాల గల్ఫ్ వలసను నేపథ్యంగా తీసుకొని, స్థానాపతి, ఏజెంటు, ఏజెంటు జనరల్, రాయబార కార్యాలయ ఉద్యోగి అనే నాలుగు దశలలో విదేశీ ప్రభుత్వ కొలువు ఎలా రూపొందిందో ఈ వ్యాసం వివరిస్తుంది. ఉద్యోగి విదేశంలో కుదురుకోవడం అతని సొంత సౌకర్యానికి మాత్రమే సంబంధించిన విషయం కాదని, కార్మికునికి అందే సేవ దానిపై ఆధారపడి ఉంటుందని నిరూపించడం వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: స్థానాపతి, రాయబార కార్యాలయం, ఏజెంటు, గల్ఫ్ వలస, ఇందల్వాయి, కూర్మా వెంకటరెడ్డి నాయుడు, కార్మిక సంక్షేమం.

1. ఉపోద్ఘాతం:
హైదరాబాదు నుండి కామారెడ్డి మీదుగా ఆర్మూరు, నిర్మల్ వైపు వెళ్లే 44వ జాతీయ రహదారిపై ఇందల్వాయి ఉంది. సికింద్రాబాదు – మన్మాడ్ రైలుమార్గంలో దీనికి ఒక స్టేషను కూడా ఉంది. 2016లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఇది మండల కేంద్రమైంది. ఈ ఊరికి దూరదేశాలతో సంబంధం కొత్తది కాదు. 17వ శతాబ్దంలో గోల్కొండకు ప్రయాణించిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనో ఇక్కడ కత్తులు, బాకులు, బల్లేలు తయారవుతాయని, అవి దేశమంతటా అమ్ముడవుతాయని రాశాడు. ఇదే జిల్లాలోని కోనసముద్రంలో మూసలలో కరిగించి తయారుచేసే ఉక్కు కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుండి వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్ది తొలి దశకాలలో ఆ ప్రాంతాన్ని చూసిన హెన్రీ వాయిసీ నమోదు చేశాడు.

అప్పుడు పారశీక సింధుశాఖ అవతలి నుండి వర్తకులు ఇక్కడికి వచ్చారు. 1970ల తరువాత ఇక్కడి శ్రామికులు ఆ వైపు వెళ్లసాగారు. 1973లో చమురు ధరలు పెరగడంతో గల్ఫ్ దేశాలలో నిర్మాణ రంగం విస్తరించింది. పసుపు, వరి, మొక్కజొన్న పండించే ఈ ప్రాంతంలో వానలు, బోర్లు, ధరలు ఏటా ఒకేలా ఉండవు. అందువల్ల నిజామాబాదు, కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల యువకులకు గల్ఫ్ ఒక దారిగా కనిపించింది. వెళ్లింది సౌదీ అయినా, కువైట్ అయినా, ఒమన్ అయినా ఊరి మాటలో అది ‘దుబాయ్’ మాత్రమే.

ఇలా వెళ్లినవారికి కష్టం వచ్చినప్పుడు వినిపించే మొదటి మాట ‘ఎంబసీ’. ఊరిలో తల్లిదండ్రులకు ఆ మాట ఒక భవనాన్ని, ఒక జెండాను గుర్తుకు తెస్తుంది. ఆచరణలో మాత్రం ఎంబసీ అంటే ఒక కిటికీ, దాని వెనుక కూర్చున్న ఉద్యోగి. ఆ ఉద్యోగి ఎవరు, ఆ కుర్చీ ఎలా ఏర్పడింది, అతడు అక్కడ ఎలా కుదురుకుంటాడు అనే ప్రశ్నలు ఈ వ్యాసానికి ఆధారం. సైనిక అటాచీలు, ఉన్నత రాజకీయ దౌత్యం ఈ పరిశీలన పరిధిలోకి రావు.

2. పదచరిత్ర – స్థానాపతి, రాయబారి, ఉద్యోగి:
పరరాజుల కొలువులో నివసిస్తూ తన ప్రభువుకు వార్తలు పంపే ఉద్యోగికి తెలుగులో ‘స్థానాపతి’ అనే పేరు ఉండేది. కృష్ణదేవరాయల పాలనను వర్ణించే ‘రాయవాచకము’ అనే వచన గ్రంథం మధుర నాయక రాజు విశ్వనాథ నాయని స్థానాపతి రచనగా ప్రసిద్ధం. అతని పేరు తెలియదు, పదవి మాత్రమే మిగిలింది. తెలుగు వచన చరిత్రలో అంత ముఖ్యమైన గ్రంథం ఒక రాయబార ఉద్యోగి కలం నుండి రావడం, అది విన్నపం రూపంలో ఉండడం గమనార్హం. చూసినది, విన్నది ప్రభువుకు తెలియజేయడం అతని వృత్తిధర్మం.

‘రాయబారి’ అనే మాట స్థానాపతికి భిన్నమైన అర్థచ్ఛాయ కలది. రాయబారి ఒక పని మీద వెళ్లి తిరిగి వస్తాడు. స్థానాపతి అక్కడే ఉంటాడు. మహాభారతంలో సంజయ రాయబారం, శ్రీకృష్ణ రాయబారం జరిగే పర్వానికి ‘ఉద్యోగపర్వం’ అని పేరు. అక్కడ ఉద్యోగమంటే ప్రయత్నం, సన్నాహం. నేటి తెలుగులో అదే మాట జీతంతో కూడిన కొలువును సూచిస్తుంది. రాయబార కార్యాలయ ఉద్యోగం అన్నప్పుడు ఈ రెండు అర్థాలూ ఒకచోట కలుస్తాయి.

ఇక ‘కుదురు’ అనే మాట. చెట్టు మొదట నీరు నిలవడానికి చేసే పాదు కుదురు. కుండ దొర్లకుండా కింద ఉంచే చుట్ట చుట్టకుదురు. రెండింటిలోనూ కుదురు తన కోసం ఉండేది కాదు, మరొకదానిని నిలపడానికి ఉండేది. విదేశంలో ఉద్యోగి కుదురుకోవడాన్ని ఈ అర్థంలోనే పరిశీలించవలసి ఉంది.

పాత స్థానాపతికి ప్రభువు ఒక్కడే సంబంధి. పరదేశంలో ఉన్న సామాన్య ప్రజల బాగోగులు అతని విధులలో లేవు. ఆ బాధ్యత విదేశీ కొలువులోకి ప్రవేశించడానికి కారణం కూలీ వలస.

3. కూలీ వలస – ఏజెంటు పదవి:
1834 తరువాత మారిషస్‌కు, 1860 నుండి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు ఒప్పంద కూలీలు తరలివెళ్లారు. మద్రాసు నుండి బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవుకు చేరింది. 1911 వరకు నేటాల్ చేరిన ఒప్పంద కూలీల సంఖ్య 1,52,184. వీరిలో అధికభాగం మద్రాసు రేవు మీదుగా వెళ్లిన తమిళులు, తెలుగువారు. ఆ కాలపు వలస చట్టాలలో ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్’ అనే అధికారి ఉన్నాడు. అయితే అతని పని ప్రధానంగా రేవులో ఓడ ఎక్కించే దశకు సంబంధించినది. ఓడ దిగిన తరువాత కూలీని భారత ప్రభుత్వం తరఫున పలకరించే మనిషి చాలాకాలం లేడు.

1922 నాటి భారత వలస చట్టం ఈ లోటును కొంత పూరించింది. భారతీయ కార్మికులు ఉన్న దేశాలలో ప్రభుత్వ ఏజెంట్లను నియమించే వీలు దాని వల్ల కలిగింది. సింహళం, మలయాలలో ఏజెంట్లు నియమితులయ్యారు. తోటలను సందర్శించడం, కూలీరేట్లను పరిశీలించడం, ఫిర్యాదులు వినడం, వార్షిక నివేదిక రాయడం వారి విధులు. నేటి రాయబార కార్యాలయంలోని కార్మిక విభాగానికి పూర్వరూపం ఇదే.

దక్షిణాఫ్రికాలో ఏజెంటు పదవి 1927 నాటి కేప్‌టౌన్ ఒప్పందం వల్ల ఏర్పడింది. తొలి ఏజెంటు వి. ఎస్. శ్రీనివాస శాస్త్రి. 1929లో ఆయన స్థానంలో వచ్చినవారు సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు. 1875లో రాజమహేంద్రవరంలో జన్మించిన ఆయన న్యాయవాది, జస్టిస్ పార్టీ నాయకుడు, మద్రాసు ప్రభుత్వంలో మంత్రిగా పనిచేసినవారు. 1928లో జెనీవాలోని నానాజాతి సమితిలో భారత ప్రతినిధిగా పాల్గొన్నారు. 1932 వరకు దక్షిణాఫ్రికాలో ఏజెంటుగా ఉన్నారు. విదేశంలో భారత ప్రభుత్వం తరఫున కొలువు చేసిన తొలితరం తెలుగువారిలో ఆయన ముఖ్యులు.

ఆ కొలువు స్వభావం విచిత్రమైనది. ఏజెంటుకు రాయబారి హోదా లేదు. దక్షిణాఫ్రికా చట్టాలను ప్రశ్నించే అధికారం లేదు. ఒప్పించడం, వినతులు సమర్పించడం, అక్కడి భారతీయులకు సలహా ఇవ్వడం మాత్రమే అతని చేతిలో ఉన్నాయి. దక్షిణాఫ్రికా పరిపాలనా కేంద్రం ప్రిటోరియా, పార్లమెంటు కేప్‌టౌన్, భారతీయులు అత్యధికంగా ఉన్నది డర్బన్. ఈ మూడింటి మధ్య ఏజెంటు తిరుగుతూ ఉండవలసి వచ్చేది.

అంతకంటె పెద్ద చిక్కు ఆ పదవి మూలంలోనే ఉంది. కేప్‌టౌన్ ఒప్పందం ఒకవైపు అక్కడ స్థిరపడే భారతీయుల విద్య, జీవన ప్రమాణాలను మెరుగుపరుస్తామని చెప్పింది. మరొకవైపు స్వదేశానికి తిరిగి వెళ్లేవారికి పెద్దలకు 20 పౌండ్లు, పిల్లలకు 10 పౌండ్లు ఇచ్చి పంపే పథకాన్ని అంగీకరించింది. తరాల తరువాత తిరిగి వచ్చిన ఆ కుటుంబాలు భారతదేశంలో ఎంత దుస్థితిలో ఉన్నాయో 1931లో భవానీ దయాళ్ సన్న్యాసి, బనారసీదాస్ చతుర్వేది ప్రచురించిన నివేదిక వెల్లడించింది. ఏజెంటు ఏ ప్రజల సంరక్షణకు నియమితుడయ్యాడో వారిని వెనక్కి పంపే ఒప్పందానికి కూడా కట్టుబడి ఉండవలసి వచ్చింది. ప్రభుత్వానికి విధేయత, ప్రజలకు జవాబుదారీతనం అనే రెండింటి మధ్య ఒత్తిడి విదేశీ కొలువులో అప్పటి నుండే ఉంది.

ఆ సంవత్సరాలలోనే, 1931లో, డర్బన్‌లో ఆంధ్ర మహాసభ ఏర్పడింది. తమిళ, హిందీ, గుజరాతీ సమూహాల మధ్య అల్పసంఖ్యాకులైన తెలుగువారు తమ భాషను నిలుపుకోవడానికి ఏర్పరచుకున్న సంస్థ అది. ఏజెంటు పదవి 1930ల నడుమ ఏజెంటు జనరల్‌గా, 1941లో హైకమిషనర్‌గా మారింది. జాతి వివక్షకు నిరసనగా 1946లో భారతదేశం హైకమిషనర్‌ను వెనక్కి పిలిచింది. పూర్తి స్థాయి దౌత్య సంబంధాలు 1993లో గాని పునరుద్ధరింపబడలేదు. ఆ నడుమ చాలాకాలం కార్యాలయం లేకపోయినా ఆంధ్ర మహాసభ నిలిచే ఉంది.

4. హైదరాబాదు రాజ్యం – ప్రజలు లేని దౌత్యం:
కూర్మా వెంకటరెడ్డి నాయుడు డర్బన్‌లో ఉన్న కాలానికి ఇందల్వాయి బ్రిటిషు ఇండియాలో లేదు, నిజాం రాజ్యంలో ఉంది. ఆ రాజ్యానికి కూడా కొద్దికాలం విదేశాలలో ప్రతినిధులు ఉన్నారు. 1947 నవంబరు 29న యథాతథ ఒప్పందం కుదిరిన తరువాత భారత ప్రభుత్వ ఏజెంటు జనరల్‌గా కె. ఎం. మున్షీ హైదరాబాదుకు వచ్చారు. హైదరాబాదు తరఫున లండన్‌లో మీర్ నవాజ్ జంగ్, కరాచీలో ముస్తాక్ అహ్మద్ ఖాన్ ఏజెంట్లుగా పనిచేశారు.

1948 సెప్టెంబరులో సైనిక చర్య ముగిసిన కొద్ది రోజులకే నిజాం ప్రభుత్వ ఖాతా నుండి 10 లక్షల పౌండ్లకు పైగా సొమ్ము లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు బదిలీ అయింది. ఆ సొమ్ము ఎవరిదనే వివాదంపై లండన్ హైకోర్టు 2019 అక్టోబరు 2న భారతదేశానికి, నిజాం వారసులకు అనుకూలంగా తీర్పు చెప్పింది. హైదరాబాదు విదేశీ కొలువుల గురించి నేడు ఎక్కువగా గుర్తున్నది ఈ ఖాతా కథ మాత్రమే. ఆ ఏజెంట్లు పాత స్థానాపతి సంప్రదాయానికి చెందినవారు, వారి దృష్టి ప్రభువు వైపు ఉండేది. ఇరవై, ముప్పై సంవత్సరాల తరువాత అదే నేలకు చెందిన వేలాది శ్రామికులకు విదేశంలో తమవాడనదగిన ఉద్యోగి అవసరం కలిగింది. అప్పటికి ఆ బాధ్యత స్వతంత్ర భారత ప్రభుత్వానిది అయింది.

5. స్వతంత్ర భారతంలో పౌర ఉద్యోగి:
1946 అక్టోబరులో భారత విదేశాంగ సేవ ఏర్పాటుకు నిర్ణయం జరిగింది. 1949లో సర్వేపల్లి రాధాకృష్ణన్ మాస్కోకు రాయబారిగా వెళ్లారు. తెలుగువారి దృష్టిలో రాయబారి అనగానే ఇటువంటి మహనీయుల చిత్రమే కనిపిస్తుంది. కాని కార్యాలయాన్ని నడిపేది అంతకు దిగువనున్న ఉద్యోగ శ్రేణి. 1956లో ఏర్పడిన విదేశాంగ సేవ ‘బి’ శాఖలో గుమాస్తాలు, సహాయకులు, స్టెనోగ్రాఫర్లు, రహస్యలిపి సహాయకులు ఉన్నారు. నేడు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే పట్టభద్రుల స్థాయి పరీక్ష ద్వారా విదేశాంగ మంత్రిత్వ శాఖలో సహాయక సెక్షన్ ఆఫీసరుగా చేరవచ్చు. తెలంగాణలోని చిన్న పట్టణంలో చదివిన పట్టభద్రునికి కూడా రాయబార కార్యాలయంలోకి ప్రవేశించడానికి ఈ పరీక్ష ఒక ద్వారం.

ఆ ఉద్యోగి కొంతకాలం ఢిల్లీలో, ఆపై విడతకు సుమారు మూడేళ్ల చొప్పున వేర్వేరు దేశాలలో పనిచేస్తాడు. క్లిష్టమైన ప్రదేశాలలో గడువు తక్కువ. విదేశీ భత్యం, నివాస గృహం, పిల్లల చదువుకు సహాయం, సెలవుపై స్వదేశానికి ప్రయాణ ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది. గల్ఫ్ దేశానికి చేరిన తొలి వారాలలో స్థానిక గుర్తింపు కార్డు, ఇల్లు, బ్యాంకు ఖాతా, పిల్లలకు భారతీయ పాఠశాలలో ప్రవేశం అతని ముందున్న పనులు. సౌదీ, కువైట్‌లలో పనివారం ఆదివారం మొదలై గురువారం ముగుస్తుంది. ఆదివారపు సెలవుకు అలవాటుపడిన కుటుంబం దినచర్యను కొత్తగా అమర్చుకోవాలి.

1961 నాటి వియన్నా ఒడంబడిక దౌత్య అధికారులకు విస్తృతమైన రక్షణ కల్పించింది. పాలనా, సాంకేతిక సిబ్బందికి పౌర వ్యవహారాలలో ఆ రక్షణ విధి నిర్వహణలోని పనులకే పరిమితం. ఈ అంతరం పాస్‌పోర్టు రంగులోనే కనిపిస్తుంది. దౌత్య అధికారికి ముదురు ఎరుపు, ఇతర ప్రభుత్వ ఉద్యోగికి తెలుపు, కిటికీకి ఇవతల నిలబడిన కార్మికునికి నీలం. చాలా సందర్భాలలో ఆ నీలం పాస్‌పోర్టు కూడా యజమాని దగ్గరే ఉండిపోతుంది.

6. కిటికీకి ఇరువైపులా:
1963 నాటి వియన్నా కాన్సులర్ ఒడంబడిక తన దేశ పౌరులకు సహాయపడడాన్ని కాన్సులర్ విధిగా పేర్కొంది. నిర్బంధంలో ఉన్న పౌరుని కలుసుకునే హక్కును 36వ అధికరణం గుర్తించింది. దేశీయంగా 1983 నాటి వలస చట్టం, పదో తరగతి పూర్తిచేయనివారు గల్ఫ్ వంటి నిర్దిష్ట దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లేటప్పుడు అనుమతి తీసుకోవాలని నియమించింది. ఈ అనుమతిని తప్పించుకొని విజిట్ వీసాపైనో, ‘ఆజాద్ వీసా’పైనో వెళ్లినవారి వివరాలు రికార్డులలో సరిగా ఉండవు. యజమాని నుండి పారిపోయి చట్టవిరుద్ధంగా మిగిలిపోయిన స్థితిని తెలంగాణ గల్ఫ్ కార్మికులు ‘ఖల్లివెల్లి’ అంటారు. అటువంటి వ్యక్తి ఎంబసీ కిటికీ ముందుకు వచ్చినప్పుడు, అతడు భారతీయుడని నిర్ధారించడమే ఉద్యోగికి మొదటి పని. అది తేలితే ‘ఔట్‌పాస్’ అని కార్మికులు పిలిచే అత్యవసర ధ్రువపత్రం ఇస్తారు. గల్ఫ్ ప్రభుత్వాలు క్షమాభిక్ష ప్రకటించినప్పుడల్లా ఈ పత్రాల కోసం వేలమంది బారులు తీరుతారు.

కార్మికుడు మరణిస్తే పని మరింత సున్నితమైనది. ఆసుపత్రి ధ్రువపత్రం, పోలీసు నివేదిక, కుటుంబం ఇచ్చే అధికారపత్రం, యజమాని నుండి రావలసిన బకాయిల లెక్క, పాస్‌పోర్టు రద్దు, కార్యాలయపు నిరభ్యంతర పత్రం, పార్థివదేహం చెడకుండా చేసినట్లు ధ్రువీకరణ అన్నీ పూర్తయితేనే శవపేటిక విమానం ఎక్కుతుంది. వీటిలో ఒక్క కాగితం ఆగినా ఊరిలో కుటుంబం రోజుల తరబడి అంత్యక్రియల కోసం ఎదురుచూస్తుంది. శంషాబాదు నుండి బయలుదేరిన అంబులెన్సు ఇందల్వాయి మీదుగానే ఆర్మూరు వైపు వెళ్తుంది.

ఈ పనుల కోసం సంస్థలు క్రమంగా ఏర్పడ్డాయి. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షకు పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాలలో తరలించడం, గల్ఫ్ వలస ఎంత విస్తరించిందో దేశానికి చూపింది. 2004లో ప్రవాస భారతీయ వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఏర్పడి, 2016లో విదేశాంగ శాఖలో విలీనమైంది. 2009లో భారతీయ సమాజ సంక్షేమ నిధి మొదలైంది. పేదల దేహాల తరలింపు, తాత్కాలిక ఆశ్రయం, న్యాయ సహాయం దీని నుండి అందుతాయి. కాన్సులర్ సేవలు పొందేవారి నుండి వసూలు చేసే స్వల్ప రుసుము ఈ నిధికి ప్రధాన వనరు. అంటే ఆ నిధిలో కార్మికుని చెమట కూడా ఉంది. కార్మికుడు దానిని దానంగా కాక హక్కుగా అడగడానికి ఇదే ఆధారం.

7. భాష, జ్ఞాపకం:
కిటికీ వద్ద సేవను నిర్ణయించే అంశాలు రెండు ఉన్నాయి. మొదటిది భాష. నిజామాబాదు కార్మికునికి పని స్థలంలో నేర్చుకున్న కొద్దిపాటి అరబ్బీ, కొంత హిందీ వస్తాయి. తన కష్టాన్ని పూర్తిగా చెప్పగలిగేది మాత్రం తెలంగాణ తెలుగులోనే. జీతం ‘ఆపిండ్రు’ అనడానికి, ‘కోసుకున్నరు’ అనడానికి మధ్య తేడా ఫిర్యాదు స్వరూపాన్నే మారుస్తుంది. మొదటిది బకాయి, రెండవది కోత. దుబాయ్‌లో 2010లో కార్మికుల కోసం ప్రారంభమైన సహాయ కేంద్రం తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో ఫోన్ సేవను అందించడం ఈ అవసరాన్ని గుర్తించిన చర్య.

రెండవది జ్ఞాపకం. 2005లో దుబాయ్‌లో ఒక నేపాలీ కాపలాదారు మరణానికి సంబంధించిన కేసులో శిక్షపడిన సిరిసిల్ల ప్రాంతపు ఐదుగురు కార్మికులు దాదాపు 18 సంవత్సరాల తరువాత, 2024లో ఇళ్లకు తిరిగివచ్చారు. మూడేళ్లకొకసారి బదిలీ అనే లెక్కన చూస్తే, ఒక ఖైదీ ఒకే జైలులో ఉన్న ఆ కాలంలో ఒక కుర్చీలో ఐదారుగురు ఉద్యోగులు మారతారు. ప్రతి కొత్త ఉద్యోగి ఇల్లు వెతుక్కొని, స్థానిక పద్ధతులు తెలుసుకొని, పాత ఫైలు చదివే దశకు చేరేసరికి కొన్ని నెలలు గడుస్తాయి. ఆ ఖాళీని పూరించేది అక్కడే నియమితులై ఏళ్ల తరబడి పనిచేసే స్థానిక సిబ్బంది. అరబ్బీ అనువాదం, పోలీసు స్టేషన్లతో, కార్మిక న్యాయస్థానాలతో పరిచయం వీరి ద్వారానే నిలుస్తాయి. భారతదేశం నుండి వచ్చిన ఉద్యోగికి అధికారం, స్థానిక ఉద్యోగికి అనుభవం ఉంటాయి. ఈ రెండూ కలిసినప్పుడే కార్యాలయం కుదురుగా నడుస్తుంది.

స్థానాపతి విన్నపం ప్రభువును చేరేది. ఏజెంటు వార్షిక నివేదిక ప్రభుత్వాన్ని చేరేది. నేటి ఉద్యోగి రాసే ఫైలు అతని తరువాత వచ్చే ఉద్యోగిని చేరాలి. 2015లో మొదలైన ‘మదద్’ అంతర్జాల వేదిక ఫిర్యాదుకు ఒక సంఖ్య ఇచ్చి, అది ఏ దశలో ఉందో కుటుంబం చూసుకొనే వీలు కల్పించింది. ఉద్యోగి మారినా ఆ సంఖ్య మారదు. అయితే దానిని నమోదు చేయగల చదువు లేని కుటుంబానికి ఊరిలో సహాయపడే మనిషి ఇంకా అవసరమే.

8. ముగింపు:
• విదేశీ ప్రభుత్వ కొలువు ప్రభువు కోసం మొదలై, కూలీ వలస కారణంగా ప్రజల వైపు తిరిగింది. 1922 నాటి వలస చట్టం, 1927 నాటి కేప్‌టౌన్ ఒప్పందం ఈ మార్పులో కీలక ఘట్టాలు.
• ప్రభుత్వ విధేయతకు, ప్రజా సంరక్షణకు మధ్య ఒత్తిడి ఏజెంటు పదవిలో పుట్టింది. కూర్మా వెంకటరెడ్డి నాయుడు పనిచేసిన కాలంలోని స్వదేశ ప్రత్యాగమన పథకం దీనికి నిదర్శనం.
• దక్షిణాఫ్రికాలో దౌత్య కార్యాలయం మూతపడినా ఆంధ్ర మహాసభ కొనసాగడాన్ని బట్టి, ప్రవాసంలో సమాజ సంస్థలు కార్యాలయానికి తోడుగా నిలవవలసిన అవసరం తెలుస్తున్నది.
• హైదరాబాదు రాజ్యపు ఏజెంట్ల చరిత్రలో ప్రజల ప్రసక్తి లేకపోవడం, అదే ప్రాంత ప్రజలు తరువాత ఎంబసీపై ఇంతగా ఆధారపడడం చరిత్రలోని వైరుధ్యం.
• ఉద్యోగి కుదురుకోవడానికి ఇల్లు, భత్యం, పాఠశాల అవసరం. వాటితోపాటు కార్మికుని భాష తెలిసినవారిని నియమించడం, బదిలీ సమయంలో కేసుల వివరాలను కొత్తవారికి క్రమపద్ధతిలో అప్పగించడం, స్థానిక సిబ్బంది అనుభవానికి గుర్తింపునివ్వడం కూడా అంతే అవసరం.
• నిజామాబాదు జిల్లాలోని కళాశాలలలో పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే విద్యార్థులకు ఈ కొలువును పరిచయం చేయడం రెండు విధాలా మేలు. ఒక యువకునికి ఉద్యోగం దొరుకుతుంది. అతని ఊరివాడు ఏదో ఒకనాడు ఆ కిటికీ ముందు నిలబడినప్పుడు, తన మాట తిరిగి చెప్పనవసరం లేకుండా అర్థమవుతుంది.